మోర్మన్ సంఘ నిర్మాణం: కాలువలూ, పూర్వీకుల పేర్లూ

ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలైన 1847లోనే, అమెరికాలో ఊరూరా తరిమివేతకు గురైన మోర్మన్లు సాల్ట్ లేక్ లోయకు చేరారు. చేరీచేరగానే ఏటినీటిని పొలాలకు మళ్లించుకున్నారు. ఇక్కడ పెట్టుబడీ పెత్తనమూ కంపెనీ సర్కారువి, చెమట కూలివాడిది. అక్కడ కాలువ తవ్విన చేతులే నీటినీ పంచుకున్నాయి. 1890లో అధికారికంగా విరమించిన బహుభార్యాత్వం గురించి తప్ప మోర్మన్ల గురించి మరేమీ వినని మన పాఠకులకు ఈ శ్రమపునాది కనిపించదు.

ఆ అలవాటే సంఘ నిర్మాణంగా స్థిరపడింది. స్థానిక సంఘంలో జీతగాడైన పాదిరి ఉండడు. వేరే ఉద్యోగంతో సంసారం ఈదుకొచ్చే గృహస్థే కొన్నేళ్లపాటు బిషప్పుగా ఉంటాడు. నెలకో ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ తిండి ఖర్చు పేదలకిస్తారు. స్త్రీల సహాయసంఘం 1842 నాటిది. అయినా యాజకత్వం మాత్రం నేటికీ పురుషులదే.

సమోవాలో ఈ మతం పుచ్చుకున్న ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చారు. వారి బంధువర్గంలో 22 మంది బాప్తిస్మం పొందారు. ఎల్సీ తండ్రి, బాప్తిస్టు బోధకుడు పి. శ్రీనివాసం, మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని చేపట్టారు. నల్లజాతి పురుషులకు యాజకత్వం నిరాకరించే నియమాన్ని ఆ సంఘం ఎత్తివేసింది సరిగ్గా ఆ ఏడాది జూన్‌లోనే. సమానత్వం వారికి తొలినాటి ఆస్తి కాదన్నమాట! 2012లో భారతదేశంలో మొదటి 'స్టేక్', అనగా కొన్ని స్థానిక సంఘాల కూటమి, హైదరాబాదులోనే ఏర్పడింది. మా కొవ్వూరుకు అవతలి గట్టున రాజమహేంద్రవరంలోనూ వారి సంఘాలున్నాయి.

బంధువర్గంతో మొదలైన సంఘం బంధువర్గాన్ని దాటగలదా? మనకు బంధుత్వమంటే కులమే గదా. జీతంలేని పెద్దరికం కులం మార్చి చేతులు మారితేనే ఆ సంప్రదాయానికి ఇక్కడ బతుకు.

అంతకన్నా జటిలమైనది వంశవృక్షం. మోర్మన్లు గతించిన పూర్వీకుల పేర్లు వెతికి, వారి తరపున దేవాలయంలో తాము బాప్తిస్మం పొందుతారు. 2018లో ప్రకటించిన బెంగుళూరు దేవాలయానికి 2020 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. కాని పేర్లెక్కడివి? మన దేశంలో వంశచరిత్ర భూమి వెంట నడిచింది. భూస్వామి ముత్తాత కరణం లెక్కల్లోనో, కాశీ పండాల చిట్టాల్లోనో దొరుకుతాడు. రైతు కుటుంబాల గోత్రాలు చెప్పడానికి పిచ్చిగుంట్లవారున్నారు. మాదిగల పుట్టుపూర్వోత్తరాలను డక్కలివారు నోటిమీద నిలిపారు. అది కులగాథ, ఒక్కొక్క పాలేరు పేరు చెప్పే పత్రం కాదు.

అందుచేత డెల్టాలో ఒక దళిత కుటుంబం ముత్తాత గడిని నింపబూనడం మతకర్మ మాత్రమే కాదు, చరిత్రరచన కూడా. మన కథకుల చూపు ఆ కాగితం మీద ఇంకా పడాల్సినంతగా పడలేదు. కామందులు జీవితాంతం "ఎంకటిగా" అని పిలిచిన మనిషిని ఆ గడిలో మనవరాలు ఏమని రాస్తుంది?