భిలాయ్ రైలు పట్టా వంపును కంప్యూటర్ ఎలా గుర్తుంచుకుంటుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారం భారతీయ రైల్వేకు మీటరుకు సుమారు 60 కిలోల బరువుండే పట్టాలు అందిస్తోంది. ఆ పట్టాను అడ్డంగా కోస్తే ఎత్తు 172 మిల్లీమీటర్లు, అడుగు వెడల్పు 150. పైభాగం చదునుగా ఉండదు. నడిమధ్య 300 మి.మీ. వ్యాసార్థం, పక్కన 80, అంచు దగ్గర 13. రైలు చక్రం ఆనేది ఈ వంపుల మీదే.

డిజైన్ సాఫ్ట్‌వేర్ ఈ ఆకారాన్ని చుక్కల బొమ్మగా దాచదు. 'పాత్' అనే సూచనల వరుసగా రాసుకుంటుంది. ఉదాహరణకు ఎస్‌వీజీ ఫార్మాట్‌లో 'ఎం' అంటే గీయకుండా ఈ బిందువుకు వెళ్లు. 'ఎల్' సరళరేఖ, 'ఏ' చాపం, 'సి' బెజియర్ వక్రరేఖ. 'జెడ్' అంటే మొదలైన చోటికి కలిపి మూసెయ్. ఉన్నవి సంఖ్యలే కాబట్టి ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు.

అయితే ఏ సూచన వాడారన్నది ముఖ్యం. 13 మి.మీ. వ్యాసార్థమున్న పావు వృత్తాన్ని మూడు సమాన సరళరేఖలతో సరిపెడితే 0.44 మి.మీ. వరకు తేడా వస్తుంది. 30 రేఖలైతే 0.0045. ఒక్క బెజియర్ వక్రరేఖతో తేడా దాదాపు 0.0035కు తగ్గుతుంది.

ఈ వక్రరేఖలకు పేరిచ్చిన పియర్ బెజియర్ ఫ్రాన్స్ కార్ల కంపెనీ రెనోలో ఇంజినీరు. కారు బాడీ వంపులకు అవి బాగా కుదిరాయి. కానీ అవి వృత్తాన్ని అచ్చంగా గీయలేవు. చాపాన్ని బెజియర్‌గా మారిస్తే తెర మీద తేడా కనిపించదు. 'వ్యాసార్థం 13' అన్న సమాచారం మాత్రం ఫైల్‌లోంచి పోతుంది. పట్టాను కొలిచి చూసేవారికి కావాల్సింది ఆ అంకెే. అందుకే చాపాన్ని చాపంగానే ఉంచాలి.