దాహపు నేల మీద గుడారం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి దక్షిణపు అంచున, మెక్సికో సరిహద్దును ఆనుకొని సుమారు 30 మైళ్ళ పొడవున ఒక ఎడారి ఉద్యానవనం ఉన్నది. దాని పేరు ఆర్గాన్ పైప్ కాక్టస్ నేషనల్ మాన్యుమెంట్. 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దీనిని రక్షిత ప్రాంతముగా ప్రకటించారు. విస్తీర్ణం 3 లక్షల 30 వేల ఎకరాలు. ఫీనిక్స్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఇది కారులో సుమారు రెండున్నర గంటల ప్రయాణమే.

పాత చర్చీలలో పైప్ ఆర్గాన్ చూచినవారికి ఈ పేరు ఎందుకు వచ్చినదో చెప్పనక్కరలేదు. ఒకే మొదలు నుండి జెముడు కొమ్మలు గొట్టాలవలె నిట్టనిలువుగా లేస్తాయి. ఈ చెట్టు మొదటి పువ్వు పూయడానికి దాదాపు 35 ఏళ్ళు పడుతుంది. వేసవి రాత్రులలో పూచే ఆ పువ్వుల తేనెకు గబ్బిలాలు వస్తాయి. ముఖ్యముగా వాటి వలన చెట్టు కాయ కాస్తుంది.

బస, నడక

ట్విన్ పీక్స్ శిబిరములో 208 స్థలాలున్నాయి. మంచినీరు, స్నానపు వసతి ఉన్నవి. అలామో కాన్యన్‌లో నాలుగే స్థలాలు, అక్కడ నీరు దొరకదు. పిల్లలతో వెళ్ళేవారు 21 మైళ్ళ అహో మౌంటెన్ మట్టిరోడ్డు మీద కారులో తిరిగి, మధ్యలో ఆర్చ్ కాన్యన్ వద్ద దిగి కొంత దూరం నడవవచ్చు. చలికాలమే మంచి సమయం. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.

ఒక్కొక్కరికి రోజుకు కనీసం ఒక గాలన్, అనగా నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ, నీరు కావాలి. దాహం వేసేదాకా ఆగకూడదు. సగం నీరు అయిపోకముందే వెనుకకు తిరగాలి. సెల్‌ఫోన్ అన్నిచోట్లా పలకదు గనుక ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఎవరికైనా చెప్పి బయలుదేరండి.

సరిహద్దు మాట

2002 ఆగస్టులో క్రిస్ ఎగల్ అనే 28 ఏళ్ళ రేంజరు ఇక్కడ విధి నిర్వహణలో, మాదకద్రవ్యాల ముఠావాని కాల్పులకు బలి అయ్యారు. అటుపిమ్మట ఉద్యానవనములో చాలాభాగం సందర్శకులకు మూసివేయబడి, 2014లో గాని పూర్తిగా తెరువబడలేదు. సందర్శకుల కేంద్రానికి నేడు ఆయన పేరే ఉన్నది.

బ్రతుకుతెరువు కోసం ఈ ఎడారి దాటబోయి చనిపోయినవారూ ఉన్నారు. 2000 నుండి దక్షిణ అరిజోనా ఎడారిలో 3 వేలకు పైగా మృతదేహాలు దొరికాయి. అనేకుల పేర్లు కూడ తెలియవు. ఇది చూచి, 2000లో టూసాన్ నగరపు విశ్వాసులు కొందరు హ్యూమేన్ బోర్డర్స్ అనే సంఘముగా ఏర్పడి ఎడారిలో నీటి పీపాలు ఉంచనారంభించారు. దూరానికి కనబడేలా పొడవైన కర్రకు నీలిజెండా కడతారు. సమీపమున ఉన్న అహో పట్టణములో ఇద్దరు బాటసారులకు అన్నము, నీళ్ళు, నీడ ఇచ్చినందుకు ఒక స్వచ్ఛంద సేవకుడు 2018లో అరెస్టయ్యాడు. 2019 నవంబరులో జ్యూరీ అతడు నిర్దోషి అని తీర్పు చెప్పింది.

నిర్జన ప్రదేశములో అపరిచితులు ఎదురైతే దగ్గరకు వెళ్ళవద్దనీ, అధికారులకు తెలియజేయమనీ ఉద్యానవనం వారు చెబుతారు. పిల్లలున్న కుటుంబానికి ఇది తగిన జాగ్రత్తే. అయితే ఎవరైనా ఆపదలో ఉన్నట్లు కనిపిస్తే చూడనట్లు సాగిపోవద్దు. ఫోన్ అందిన చోటనుండి వెంటనే 911కు చెప్పండి. ఆ కబురే ఒక ప్రాణం నిలుపవచ్చు.

సరిహద్దుకు కూతవేటు దూరములో కీటోబాకీటో అనే ఊటచెరువు ఉన్నది. ఓధమ్ ప్రజలకు అది పవిత్రమైన చోటు. వేలెడంత కూడ లేని పప్‌ఫిష్ అందులో బ్రతుకుతుంది. 2020లో దాని ప్రక్కనే ఎత్తైన ఉక్కు గోడ లేచింది. మీ పిల్లలను అక్కడికి తీసుకొని వెళ్ళండి, చేపనూ గోడనూ రెండింటినీ చూడనివ్వండి. వారు అడిగే ప్రశ్నలకు తొందరపడక, గుడారం దగ్గర కూర్చుని జవాబు చెప్పండి.