జనరేటర్ ఉంటే కరెంటు ఉన్నట్టేనా?

జనరేటర్ల గురించి మన పరిశ్రమల్లో వినిపించే అపోహలకు మూలం ఒక్కటే. లక్షలు పోసి డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) కొన్నాం కాబట్టి ఇక కరెంటు పోయినా పరవాలేదన్న ధీమా. కొన్నది ఒక ఇంజిన్ని, దానికి బిగించిన ఆల్టర్నేటర్ని మాత్రమే. కరెంటు పోయిన క్షణాన వాటితోపాటు పనిచేయాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి: స్టార్టింగ్ బ్యాటరీ, దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచే చార్జరు, లైను పోయిందని పసిగట్టే ఏఎంఎఫ్ ప్యానెల్, లోడును అటు నుంచి ఇటు మార్చే బ్రేకర్లు, ట్యాంకులో డీజిల్, దాన్ని పైకి తోడే పంపు, చల్లగాలి లోపలికి వచ్చే దారి, వేడి బయటికి పోయే దారి. వీటిలో ఏది మొరాయించినా మిగిలినవన్నీ బాగుండి ప్రయోజనం లేదు. జనరేటర్ స్టార్ట్ కాలేదంటే ముందుగా బ్యాటరీని చూడమని మెకానిక్కులు అనేది అందుకే. కోటి రూపాయల యంత్రం కూడా కొన్ని వేల రూపాయల బ్యాటరీ దగ్గర ఆగిపోతుంది.

దీనికి ప్రపంచం చూసిన అతి పెద్ద ఉదాహరణ జపాన్‌లోని ఫుకుషిమా దైచీ అణు విద్యుత్ కేంద్రం. 2011 మార్చి 11న భూకంపానికి బయటి నుంచి వచ్చే విద్యుత్తు తెగిపోగానే అక్కడి అత్యవసర డీజిల్ జనరేటర్లు చెప్పినట్టే స్టార్ట్ అయ్యాయి. రియాక్టర్లను చల్లబరిచే పని సాగింది. సుమారు 50 నిమిషాల తర్వాత సునామీ వచ్చింది. చాలా జనరేటర్లు టర్బైన్ భవనాల నేలమాళిగల్లో ఉండడంతో మునిగిపోయాయి. అంతవరకూ అందరికీ తెలిసిందే. ఎక్కువమంది గమనించనిది మరొకటి ఉంది. 2, 4 యూనిట్లకు చెందిన గాలితో చల్లబడే జనరేటర్లు వేరే భవనంలో కాస్త ఎత్తున ఉన్నాయి. వాటిలోకి నీళ్లు వెళ్లలేదు. కానీ వాటి కరెంటును పంచాల్సిన స్విచ్‌గేర్ కింద నీటిలో ఉంది. యంత్రం చెక్కుచెదరలేదు, కరెంటు మాత్రం ఎక్కడికీ చేరలేదు. చివరికి పనికొచ్చింది 6వ యూనిట్‌కున్న ఒకే ఒక్క జనరేటర్. దాని పుణ్యమా అని 5, 6 యూనిట్లు బయటపడ్డాయి. మరుసటి ఏడాది అక్టోబరులో శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచినప్పుడు బెల్‌వ్యూ ఆసుపత్రిలోనూ ఇదే కథ. జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగా ఉన్నాయి, వాటికి డీజిల్ ఎక్కించే పంపులు నేలమాళిగలో ఉన్నాయి. పంపులు మునిగాక సిబ్బంది, సైనికులు మెట్ల మీద వరుసగా నిలబడి డీజిల్‌ను చేతులు మార్చుకుంటూ పైకి అందించారు.

సునామీలూ న్యూయార్క్ తుపానులూ మనకెందుకు అనవచ్చు. మన ఊళ్లలో జనరేటర్‌కి, ఎలక్ట్రికల్ ప్యానెల్‌కి ఎక్కడ చోటిస్తారో చూస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అద్దె రాని చోటు సెల్లార్ కాబట్టి అవి సెల్లార్‌కే చేరతాయి. గంట గట్టిగా వాన పడితే ముందుగా నీళ్లు నిలిచేదీ అక్కడే. జనరేటర్ని మాత్రం తెచ్చి ఎత్తున దిమ్మె మీద పెట్టి, ప్యానెల్‌ను సెల్లార్‌లోనే వదిలేస్తే ఫుకుషిమాలో జరిగిన పొరపాటునే చిన్న స్థాయిలో చేసినట్టే.

రెండో అపోహ ఇంకా లోతైనది. మునుపటిలా కరెంటు పోవడం లేదు కాబట్టి జనరేటర్ గురించి అంతగా పట్టించుకోనక్కర్లేదని చాలామంది యజమానులు అనుకుంటారు. నా వాదన దీనికి నేరుగా వ్యతిరేకం. కరెంటు సరిగా ఉన్న రోజుల్లోనే జనరేటర్ మీద అనుమానం ఎక్కువగా ఉండాలి. 2012, 2013 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఉన్నప్పుడు డీజీ సెట్లు రోజూ గంటల తరబడి తిరిగేవి. బ్యాటరీ నీరసించినా, ఫిల్టరు మూసుకుపోయినా, బెల్టు వదులైనా ఆ రోజే తెలిసేది, ఆ రోజే బాగుచేసేవారు. అంటే ఆ కోతలే రోజువారీ పరీక్షలు. ఇప్పుడు ఆ పరీక్ష పోయింది. నెలల తరబడి కదలని యంత్రంలో లోపం నిశ్శబ్దంగా కూర్చుంటుంది, అసలు అవసరం వచ్చిన రోజునే బయటపడుతుంది.

వారానికోసారి పది నిమిషాలు నడుపుతున్నాంగా అంటారు. నడుపుతారు, కానీ లోడు లేకుండా. ఆ పరుగు బ్యాటరీ స్టార్ట్ చేయగలదని చెబుతుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. పైగా డీజిల్ ఇంజిన్‌కి ఖాళీగా తిరగడం మంచిది కాదు. సిలిండర్లు తగినంత వేడెక్కవు, ఇంధనం పూర్తిగా కాలదు, కాలని డీజిల్, మసి కలిసి సైలెన్సర్‌లో నల్లటి జిడ్డుగా పేరుకుంటాయి. దీన్నే వెట్ స్టాకింగ్ అంటారు. అమెరికాలో అత్యవసర విద్యుత్తుకు వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రమాణం అందుకే నెలకోసారి కనీసం 30 నిమిషాలు, రేటింగ్‌లో 30 శాతానికి తగ్గని లోడుతో నడపమంటుంది. అది కుదరకపోతే ఇంజిన్ సరిపడా వేడెక్కినట్టు పొగ ఉష్ణోగ్రతతోనైనా నిర్ధారించుకోవాలి. డీజిల్ దండగ అనే అభ్యంతరం లెక్కకు నిలవదు. 500 కేవీఏ సెట్‌ను 30 శాతం లోడు మీద అరగంట నడిపితే అయ్యేది సుమారు 20 లీటర్లు, అంటే రెండు వేల రూపాయల లోపు. ఉత్పత్తికి అంతరాయం అనే మాటలో మాత్రం నిజం ఉంది. నిజమైన లోడును నెలనెలా మార్చడం కుదరని చోట కృత్రిమంగా లోడు ఇచ్చే లోడ్ బ్యాంకును అద్దెకు తెచ్చి పరీక్షించవచ్చు. అయితే అది బ్రేకర్లు సరిగా మారతాయో లేదో చెప్పదు. ఏడాదికి ఒక్కసారైనా మెయిన్ బ్రేకర్ తీసి చూడాల్సిందే.

పెద్దది కొంటే నిశ్చింత అనే మాటను ఇప్పుడు చూడండి. 500 కేవీఏ అంటే 500 కిలోవాట్లు కాదు, 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర 400 కిలోవాట్లు. ఈ తేడా తెలియక చిన్నది కొన్నవాళ్లున్నారు. నేరుగా స్టార్ట్ చేసే మోటారు మొదటి క్షణాల్లో మామూలుకు ఆరేడు రెట్లు కరెంటు లాగుతుందని మరిచి ఇబ్బంది పడ్డవాళ్లూ ఉన్నారు. ఆ భయంతో రెట్టింపు సైజు కొంటే మళ్లీ వెట్ స్టాకింగే, ఎందుకంటే అది ఎప్పుడూ పావు లోడు మీదే తిరుగుతుంది. మోటార్లకు స్టార్-డెల్టా స్టార్టరో సాఫ్ట్ స్టార్టరో పెట్టి, వాటిని ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించడం చవకైన దారి. ఇక నేమ్‌ప్లేట్ మీది అంకె కూడా పూర్తి నిజం చెప్పదు. ఐఎస్‌ఓ 8528 లెక్కలో స్టాండ్‌బై రేటింగ్ ఏడాదికి 200 గంటల కోసం, అదీ సగటు లోడు 70 శాతం దాటకుండా. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టినట్టు మళ్లీ ఎప్పుడైనా పెడితే, స్టాండ్‌బై సెట్‌తో రోజంతా ఫ్యాక్టరీ నడిపేవారు ఆ 200 గంటలను కొన్ని వారాల్లోనే ఖర్చు చేస్తారు. అలాంటి పనికి గంటల పరిమితి లేకుండా నడిపేందుకు ఇచ్చే ప్రైమ్ రేటింగ్ ఉన్నదే కావాలి.

ఆటోమేటిక్ ప్యానెల్ ఉంది కాబట్టి కరెంటు పోయినట్టే తెలియదనే నమ్మకం ఫార్మా, రసాయన పరిశ్రమల్లో ప్రమాదకరం. ఇంజిన్ వేగం అందుకుని లోడు తీసుకోవడానికి ఎంత బాగా ఉన్నా పది పదిహేను సెకన్లు పడుతుంది. కంప్యూటర్లకు ఆ ఖాళీని యూపీఎస్ పూడుస్తుంది. మోటార్ల సంగతి వేరు. కరెంటు పోగానే మోటార్లను లైనుకు కలిపి ఉంచే కాంటాక్టర్లు విడిపోతాయి, డీజీ కరెంటు వచ్చాక కూడా అవి వాటంతటవి అతుక్కోవు. రియాక్టర్‌లో వేడి పుట్టించే చర్య జరుగుతుంటే, లైట్లు వెలిగాయి కదా అని ఊరట పడిన ఆపరేటర్ స్టిర్రర్, చల్లనీటి పంపు ఆగి ఉన్నాయని ఆలస్యంగా గమనించే వీలుంది. ఏది ముందు తిరగాలో, ఎవరు నొక్కాలో, లేదా ఏది తనంతట తాను తిరగాలో ముందే రాసి ఉండాలి. లైనూ జనరేటరూ ఒకేసారి కలవకుండా ఆపే ఇంటర్‌లాక్ చేంజోవర్‌కి లేకపోతే మరో ముప్పు. మన జనరేటర్ కరెంటు వెనక్కి లైనులోకి వెళ్లి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌ను చంపగలదు.

చివరగా డీజిల్. చాలా సెట్ల కింద 990 లీటర్ల ట్యాంకు ఉంటుంది. ఆ వింత అంకెకు కారణం పెట్రోలియం చట్టం. ఒక్కో పాత్రలో వెయ్యి లీటర్లు మించకుండా, చోటు మొత్తంలో 2,500 లీటర్లు మించకుండా ఉంటే డీజిల్ నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. 500 కేవీఏ సెట్ ముప్పావు లోడు మీద గంటకు 75 నుంచి 80 లీటర్లు తాగుతుంది, కాబట్టి నిండు ట్యాంకు పన్నెండు పదమూడు గంటలు వస్తుంది. అదీ ట్యాంకులో ఉన్నది మంచి డీజిలైతే. ఏడాదిగా కదలని ట్యాంకు అడుగున చెమ్మ నీరుగా చేరి, నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి, ఆ బురద ఫిల్టరును మూసేస్తుంది. తెప్పించుకుంటాంలే అనే ధీమాకు 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ జవాబు చెప్పింది. చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి, బంకుల ముందు బారులు తీరారు. బంకులో డీజిల్ తోడే పంపు తిరగాలన్నా ముందు అక్కడి జనరేటర్ స్టార్ట్ కావాలి.