యుగాంత నవలలు – గుణదోషములు

కథ ముగింపు ముందే తెలిసినచో పాఠకుడు పుస్తకమును తుదివరకు ఎందుకు చదువవలెను? అమెరికాలో క్రైస్తవ రచయితలు వ్రాయుచున్న యుగాంత నవలలకు ఈ ప్రశ్న తప్పదు. వీనిలో పెక్కింటి కథాక్రమము ఒక్కటే. విశ్వాసులు రెప్పపాటున భూమినుండి ఎత్తబడుదురు. మిగిలినవారిపై క్రీస్తు విరోధి పెత్తనము చేయును. ఏడేండ్ల శ్రమల తుదిని క్రీస్తు మరల వచ్చును. బైబిలులోని దానియేలు, ప్రకటన గ్రంథములకు 19వ శతాబ్దిలో జాన్ నెల్సన్ డార్బీ మున్నగువారు చేసిన వ్యాఖ్యానము దీనికి ఆధారము. క్రైస్తవులందరును దీనిని అంగీకరింపరు.

ఇట్టి నవలలను సొంత ఖర్చుతో అచ్చువేసికొన్న రచయితలు పలువురు. సేలమ్ కిర్బన్ 1970లో ‘666’ అను నవలను పెన్సిల్వేనియాలోని తన సొంత సంస్థ ద్వారా ప్రకటించెను. కథతోపాటు ఛాయాచిత్రములను గూడ చేర్చెను. 2007లో అమెజాన్ సంస్థ కిండిల్ ప్రచురణకు తలుపు తెరచిన పిదప ఈ మార్గము మరింత సుగమమైనది. స్వీయప్రచురణము చిన్నతనమేమియు కాదు. ‘లెఫ్ట్ బిహైండ్’ నవలామాలను 1995 నుండి వెలువరించి కోట్లకొలది ప్రతులు విక్రయించిన టిండేల్ హౌస్ సంస్థ పుట్టుక ఇందుకు నిదర్శనము. అపొస్తలుల లేఖలకు తాను చేసిన సరళానువాదమును అచ్చువేయువారు లేకపోగా, కెన్నెత్ టేలర్ 1962లో 2000 ప్రతులు తానే వేయించుటతో ఆ సంస్థ ఆరంభమైనది.

ఈ నవలల బలము రచయితల నిజాయితీలో కలదు. వారు అంగడి అభిరుచికై వ్రాయరు. నమ్మినదానిని ఆలస్యము కాకమునుపే పొరుగువానికి చెప్పవలెనని వ్రాయుదురు. ఆరంభ ఘట్టములు తరచుగా పాఠకుని పట్టి నిలుపును. పొయ్యిపై గిన్నె పొంగుచుండును. వంటచేయు తల్లి మాత్రము ఉండదు. పరిచితమైన ఇల్లే భయానక రసమునకు ఆలంబనమగును.

అయితే దిద్దువారు లేని లోటు కొలది పుటలలోనే బయటపడును. సంభాషణము ప్రసంగమగును, పాత్రలు మంచి చెడుల పేర్లు తగిలించిన బొమ్మలగును. నాటి వార్తలను ప్రవచనములకు ముడిపెట్టుటచే కథ త్వరగా పాతబడును. సోవియట్ రష్యాను అంత్యకాల శత్రువుగా చూపిన రచనల గతి 1991లో ఆ రాజ్యము విచ్ఛిన్నమైన పిదప ఏమైనదో ఊహింపవచ్చును.

ముగింపు తెలిసియుండుట మాత్రము దోషము కాదు. కౌరవులు ఓడుదురని ఎరిగియే తెలుగువారు భారతమును చదువుదురు. ధర్మము గెలిచినను కావ్యము విజయభేరితో ముగియలేదు. స్త్రీపర్వములో గాంధారి దుఃఖమునకు చోటు దొరకినది. పెక్కు యుగాంత నవలలలో లోపించినది ఆ స్త్రీపర్వమే. విడువబడినవారి నాశనము అందు లెక్కగా వచ్చును గాని శోకముగా రాదు. ఇట్టి కథలు విని పెరిగిన పిల్లలలో, ఇంటికి రాగానే తల్లి కనబడకున్న తాము విడువబడితిమని వణకినవారు కలరు. ఆ భయమును పుట్టించుట సులభము. ఆ బిడ్డను ఓదార్చు వాక్యము వ్రాయుట కష్టము.

దీనికి ఆదర్శము పరాయిచోట వెదకనక్కరలేదు. యెరూషలేమునకు రానున్న నాశనమును చెప్పిన యేసు, ఆ పట్టణమును చూచి ఏడ్చెనని లూకా సువార్త తెలుపుచున్నది. ఆ కన్నీరు తడిపిన నవల ఎవరి ఖర్చుతో అచ్చయినను సాహిత్యమే యగును.