సెలవుల్లో అరిసెలు, ‘మాయాబజార్’, అవ్వ నోటుపుస్తకం

తమిళనాడులో అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోగానే క్రిస్మస్ సెలవులు. బడి తెరిచిన కొద్ది రోజులకే మళ్లీ సంక్రాంతి. పోయిన ఏడు ఈ రోజుల్లోనే హోసూరులోని మా ఇంట్లో ఒక సంగతి బయటపడింది. మా అమ్మ పిండివంటల కొలతలు రాసుకున్న పాత నోటుపుస్తకాన్ని ఏడో తరగతి చదివే మా అమ్మాయి తెరిచింది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్ల. అందులో ఒక్క ముక్క చదవలేకపోయింది. “అవ్వా, నువ్వే చదివి చెప్పు” అంది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015–16కు పదో తరగతికి చేరింది. బడిలో తెలుగుకు చోటు తగ్గింది. కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రల్లోనూ దగ్గరలో తెలుగు బడి లేని ఇళ్లు ఎన్నో. మాట మిగిలింది, రాత పోతోంది. సెలవుల్లో ఇల్లు చేయగలిగిన పని కొంత ఉంది.

వంటింటి నుంచి మొదలు

అరిసెలతో మొదలుపెడితే మంచిది. ఈ వంట మన ఇరుగుపొరుగు అందరిదీ. తమిళంలో అధిరసం, కన్నడంలో కజ్జాయ, ఒడియాలో అరిసా పిఠా, మరాఠీలో అనారసే. కాకపోతే తమిళులు, కన్నడిగులు, మరాఠీలు దీపావళికి ఎక్కువగా చేస్తారు, మనం సంక్రాంతికి చేస్తాం. అనారసేకు బియ్యం మూడు రోజులు నానబెట్టి, పాకం పట్టకుండానే బెల్లం కలిపి, గసగసాలు అద్దుతారు. మనం నువ్వులు అద్దుతాం.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం ముందురోజే నానబెట్టి, నీళ్లు వంచి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి. పొడిపిండి పాకాన్ని సరిగా పట్టుకోదు, అరిసె గట్టిపడుతుంది. పాకం చుక్కను చల్లటి నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కావాలి. లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్లకు పని. పాకంలో పిండి కలిపితే చలిమిడి.

జల్లించడం, నువ్వులు అద్దడం, అరిసెలు తట్టడం పిల్లలకు ఇవ్వండి. నూనె దగ్గర పెద్దవాళ్లే ఉండాలి. పాకం, చలిమిడి, జల్లెడ వంటి మాటలు మామూలు రోజుల్లో ఇంట్లో వినిపించవు. పని చేస్తూ విన్న మాట పిల్లలకు గుర్తుంటుంది.

తర్వాత సినిమా

పిండివంటలయ్యాక ‘మాయాబజార్’ పెట్టండి. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో మద్రాసులోనే తయారైన ఈ సినిమా తెలుగు, తమిళ భాషలు రెండింట్లోనూ వచ్చింది. కృష్ణుడిగా ఎన్.టి.రామారావు, ఘటోత్కచుడిగా ఎస్.వి.రంగారావు రెండింట్లోనూ ఉన్నారు. సావిత్రి తెలుగులో శశిరేఖ, తమిళంలో వత్సల. అభిమన్యుడు మాత్రం తెలుగులో అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. తమిళం చదివే పిల్లలకు ఒకే సన్నివేశాన్ని రెండు భాషల్లో చూపించి, ఏ మాట ఎలా మారిందో అడగండి. పింగళి నాగేంద్రరావు పుట్టించిన ‘అసమదీయులు’, ‘గింబళి’ లాంటి మాటలకు మా పిల్లలు పడీపడీ నవ్వారు. మూడు గంటల సినిమా కనుక రెండు రోజులకు పంచుకుంటే మేలు.

చివరికి రాత

అ, ఆలతో కాకుండా ఇంట్లో వాళ్ల పేర్లతో మొదలుపెట్టండి. తర్వాత వంటింటి డబ్బాలకు చీటీలు రాయించండి: బెల్లం, నువ్వులు, ఏలకులు. కన్నడం చదివే పిల్లలకు ఇది సులువు. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి వచ్చాయి, చాలా అక్షరాలకు తలకట్టులోనే తేడా. ఒడియా, మరాఠీ చదివే వాళ్లకు అక్షరాల రూపం కొత్తే గానీ క, ఖ, గ, ఘ వరుస తెలిసిందే. తమిళం చదివే పిల్లలకు మాత్రం ఓపిక కావాలి. తమిళంలో ఈ నాలుగింటికీ ఒకే అక్షరం. మా అమ్మాయి మొదట ‘గారెలు’ను ‘కారెలు’ అని రాసింది. తిట్టలేదు, రెండూ పక్కపక్కన రాసి చదివించాం.

రోజుకు అరగంట చాలు. సెలవులు అయ్యేసరికి తప్పుల్లేకుండా రాయడం రాకపోవచ్చు. కూడబలుక్కుని చదవడం వస్తే అదే పెద్ద అడుగు.

సంక్రాంతికి ముందురోజు మా అమ్మాయి అవ్వ నోటుపుస్తకం తీసి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది: “బియ్యం కిలో. బెల్లం ముప్పావు.” కింద ఖాళీలో తన పేరు రాసుకుంది. మీ ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఒకటి ఉంటే, రాసిన వాళ్లు పక్కన ఉండగానే తెరవండి.