సైబరాబాదు ఎవరి కొఱకు ఏడ్చెను?

మాదాపూర్ మొదలు నానక్‌రామ్‌గూడ వఱకు గాజుగోడలతో వరుసగా నిలిచిన సౌధములలో రాజకీయమునకు తావు లేదనియు, అచ్చటి యువజనము జీతమును, వీసాను, ఇంటి ఈఎంఐని తప్ప నాల్గవ విషయమును చింతింపదనియు నగరమందలి తక్కిన పేటలవారు చాలకాలముగా అనుకొనుచున్నారు. ఈ నమ్మకము ఎంత పొరపాటో తెలియుటకు ఎన్నికల కాలమును పరీక్షింప నక్కఱలేదు. ప్రజలను నిలువునా రెండుగా చీల్చిన నాయకుడొకడు మరణించిన దినమును జ్ఞాపకము చేసికొన్న చాలును.

అది 2009 సెప్టెంబరు 2, బుధవారము. చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమమును ప్రారంభించుటకై ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి ఉదయము 8 గంటల 38 నిమిషములకు బేగంపేట నుండి బెల్ 430 హెలికాప్టరులో బయలుదేరెను. గంట తిరుగునంతలో, జోరువానలో, నల్లమల అడవిమీద దానితో సంబంధము తెగిపోయెను. మరునాటి ఉదయము పావురాలగుట్టపై శకలములును, ఆయనతోపాటు మఱి నలుగురి దేహములును కనబడువఱకు, ఇంచుమించు ఒక దినము, రాష్ట్రమంతయు ఆయన ఉన్నాడో లేడో ఎఱుగక వేచియుండెను. వాయుసేన విమానములు, ఇస్రో తీసిన ఛాయాచిత్రములు, అడవి దారులు తెలిసిన చెంచులు — ఇందఱు వెదకవలసివచ్చెను.

ఆ నిరీక్షణము వలన విచిత్రమైన ఫలితము కలిగినది. సాధారణముగా ప్రముఖుడు మరణించినప్పుడు అభిమానుల స్తుతియు, విరోధుల మర్యాదావాక్యములును ఒక్క గంటలో వెలువడి, అటుపిమ్మట అసలు అభిప్రాయములు మెల్లగా బయటపడును. ఇచ్చట అట్లు జరుగలేదు. కార్యాలయముల ఫుడ్‌కోర్టులలో టీవీల ముందు గుమిగూడిన ఉద్యోగులలో ఆయనకు ప్రాణమిచ్చువారును ఉండిరి, ఆయన పేరు చెప్పిన మొగము ముడుచుకొనువారును ఉండిరి. కాని బ్రదికియున్నవానిని పొగడి చంపరాదు, చనిపోయినవానిని తిట్టరాదు అను రెండు నిషేధముల నడుమ చిక్కుకొని ఇరుపక్షములవారును నోరు మెదపక వానచినుకుల నడుమ అడవిని చూపుచున్న తెరనే చూచుచుండిరి. రాజకీయ విషయమున సైబరాబాదు అంతసేపు మౌనముగా నున్న దినము మఱియొకటి నాకు తోచదు.

ఆయన ఎంత వివాదాస్పదుడో ఆనాటి లెక్కలే చెప్పును. అంతకు నాలుగు నెలలకు మునుపు వెలువడిన శాసనసభ ఫలితములలో 294 స్థానములకు 156 గెలిచి ఆయన రెండవమారు అధికారమునకు వచ్చెను. కాని ఆ పక్షమునకు పడిన ఓట్లు నూటికి ముప్పదియాఱు చిల్లర మాత్రమే. అనగా ఓటు వేసిన ముగ్గురిలో ఇంచుమించు ఇద్దఱు ఆయనను వలదన్నవారు. లాల్‌బహదూర్ స్టేడియమున పార్థివదేహము ఉంచినప్పుడును, సెప్టెంబరు 4వ తేదిన ఇడుపులపాయలో ఖననము జరిగినప్పుడును తరలివచ్చిన జనసముద్రమును చూచినవారికి మాత్రము ఈ అంకెలు నమ్మశక్యము కాకపోయెను.

"చచ్చినవాని కన్నులు చారెడు" అని మన పెద్దలు ఊరక అనలేదు. పోయినవానిలో లేని సుగుణములను వెదకి పెట్టుట లోకరీతి. అయినను ఆ వారము జరిగినదంతయు ఈ సామెత క్రిందికే వచ్చునని త్రోసివేయుట న్యాయము కాదు. శోకించినవారు ఆయన శీలమును గూర్చి తీర్పు చెప్పుటలేదు. తమకు ముట్టినదానికి రశీదు చూపుచుండిరి. ఆ రశీదు ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి చేతిలో లేదు అను దానిని బట్టియే ఈ ఐటీ కారిడారులో దుఃఖము పంచబడినదని నా అభిప్రాయము.

ఆ సౌధములలో పనిచేయువారందఱు ఇంజనీర్లు కారు. ద్వారమున నిలుచు సెక్యూరిటీ గార్డు, అంతస్తులు తుడుచు హౌస్‌కీపింగు స్త్రీ, అర్ధరాత్రి క్యాబు నడుపు డ్రైవరు — వీరిలో ఎందఱో తెల్లరేషను కార్డు గలవారు. 2007 ఏప్రిలులో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలై రాష్ట్రమంతట వ్యాపించిన ఆరోగ్యశ్రీ వలన అట్టి కుటుంబములోని తండ్రికి గుండె ఆపరేషను కార్పొరేటు ఆసుపత్రిలో పైసా లేకుండ జరిగినయెడల, ఆ ఇంటివారికి ముఖ్యమంత్రిపై వచ్చిన అవినీతి ఆరోపణలు వినబడినను చెవికెక్కవు. ఇంజనీర్ల సంగతి వేఱు. 2008లో విస్తరించిన ఫీజు రీయింబర్సుమెంటు ఫలము ఆనాటికి ఉద్యోగములలో ఉన్నవారికి కాక, ఊళ్ళలో కళాశాలకు పోవుచున్న వారి తమ్ముళ్ళకును చెల్లెండ్రకును అందుచుండెను; ఆ పిల్లలే మూడునాలుగేండ్లకు పట్టాలు పుచ్చుకొని ఇదే కారిడారులో మెడకు గుర్తింపుకార్డులు వ్రేలాడదీసికొని నడిచిరి. వారి విద్యానాణ్యమును గూర్చియు, ఫీజుల కొఱకే పుట్టగొడుగులవలె లేచిన కళాశాలలను గూర్చియు, ఖజానాపై పేరుకొన్న బకాయిలను గూర్చియు విమర్శకులు చెప్పినదానిలో నిజము చాల కలదు. కాని వడ్రంగి కొడుకును, నేతవాని కూతురును మైండ్‌స్పేస్ లిఫ్టులో పైకి పోవుటకు ఆ సొమ్మే మెట్టు అయినదనుటయు అంతే నిజము.

రశీదు విచిత్రమైన పత్రము. దానిపై చెల్లించినవాని పేరే ఉండును గాని, వస్తువును తయారుచేసినవాని పేరుండదు. 108 అంబులెన్సు సేవనే చూడుడు. 2005లో దానిని నెలకొల్పినది సత్యం కంప్యూటర్సు అధిపతి రామలింగరాజు స్థాపించిన సంస్థ; ప్రభుత్వ ధనముతో ఊరూర తిరిగిన పిమ్మట జనుల నోట అది రాజశేఖర రెడ్డి బండియే అయినది. అదే రామలింగరాజు 2009 జనవరి 7వ తేదిన ఖాతాలలో వేలకోట్లు కల్పితములని తానే వ్రాసి ఒప్పుకొన్నప్పుడు, ఆయన కుటుంబమువారి మేటాస్ సంస్థకు మెట్రోరైలు కాంట్రాక్టును అప్పగించిన ప్రభుత్వముపై ఈ కారిడారులోనే తీవ్రమైన ఆగ్రహము రేగెను. జీతము వచ్చునో రాదో తెలియక ఆ శీతకాలమును గడపిన సత్యం ఉద్యోగికి, ఎనిమిది నెలల పిదప వచ్చిన దుర్మరణవార్త వినినప్పుడు కలిగినది జాలియే కావచ్చును. శోకము మాత్రము కాదు.

రశీదు లేనివారు వారొక్కరే కారు. 2009 ఎన్నికలలో తెలంగాణ జిల్లాల పోలింగు ముగిసిన వెంటనే నంద్యాల సభలో, రాష్ట్రము విడిపోయినచో హైదరాబాదుకు పోవుటకు వీసా కావలసివచ్చునను అర్థము వచ్చునట్లు రాజశేఖర రెడ్డి పలికిన పలుకు తెలంగాణ యువకుల మనస్సులలో ముల్లువలె మిగిలెను. సైబర్ టవర్సును 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించిననాటి నుండి ఈ ప్రాంతమంతయు చంద్రబాబు సృష్టియే అని నమ్మువారికి, ఆయనను ఓడించి వచ్చినవానియందు మొదటినుండియు మమత లేకుండెను. మణికొండ ప్రాంతపు ఎమ్మార్ భూముల వ్యవహారము, రాజశేఖర రెడ్డి కుమారుని సంస్థలలోనికి వచ్చిన పెట్టుబడుల వ్యవహారము — ఈ రెంటిని గూర్చియు 2011లో హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించినప్పుడు, తాము ముందునుండి చెప్పుచున్నదే న్యాయస్థానమును కదిలించినదని వారనిరి. విచారణ వేఱు, నిరూపణము వేఱు; ఆ భేదమును ఇరుపక్షములవారును తమకు అనుకూలమైన తావులలో మాత్రమే పాటించిరి.

తరువాత జరిగినది ఇంకను బాధాకరము. ముఖ్యమంత్రి మరణవార్త వినిన ఆఘాతమున వందలమంది ప్రాణములు వదలిరని వార్తలు వెలువడెను. ఆ సంఖ్యపై నాడే వివాదము పుట్టెను. 2010 జనవరిలో, ఆ ప్రమాదము వెనుక ఒక పెద్ద వ్యాపారసంస్థ కుట్ర యున్నదని ఒక విదేశీ వెబ్‌సైటులోని వ్రాతను పట్టుకొని ఒక తెలుగు చానలు ప్రసారము చేయగా, రాష్ట్రమంతట రిలయన్సు దుకాణములపై దాడులు జరిగెను. దుర్వాతావరణమును, చోదకుల అనవధానమును కారణములుగా చూపిన విచారణసంఘము నివేదిక కుట్రను కోరినవారి ఆకలి తీర్చలేకపోయెను. పరామర్శ కొఱకని కుమారుడు జగన్మోహన రెడ్డి చేపట్టిన ఓదార్పుయాత్ర 2010 మే 28న మహబూబాబాదునకు చేరక మునుపే రైల్వేస్టేషనులో రాళ్ళు రువ్వుకొనుట, పోలీసు కాల్పులు సంభవించెను. చనిపోయినవారి ఇండ్లకు పోయి కన్నీరు తుడుచుట కంటె నిరపాయమైన కార్యము లోకమున లేదనుకొందుము. అదియే ఒక పక్షమునకు శ్రద్ధాంజలిగాను, మఱొక పక్షమునకు తమ నేలపై దండయాత్రగాను తోచినది. ఏడాది తిరుగక మునుపే ఆ దుఃఖము ఒక నూతన రాజకీయ పక్షమునకు మూలధనమయ్యెను. సొంత తండ్రి కొఱకు ఏడ్చు కొడుకును తప్పుపట్టుట నాకిష్టము లేదు. కాని ఊరివారి కన్నీటిని బూతులవారీగా లెక్కవేయు కార్యకర్తలను మెచ్చుకొనుటయు నావల్ల కాదు.

ఇతరదేశములలో ఈ సంకోచములు లేవు. 2013 ఏప్రిలులో మార్గరెట్ థాచర్ మరణించినప్పుడు, మూతపడిన బొగ్గుగనుల ఊళ్ళలో కొందఱు వీధిలో విందులు చేసికొనిరి. మంత్రగత్తె చచ్చెనను ఒక పాత సినిమాపాట బ్రిటన్ సంగీతపట్టికలో రెండవ స్థానమునకు ఎక్కెను. మన దేశమున అంత దూరము పోనక్కఱలేదు. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణించినప్పుడు ముంబయి బంద్ ఎందుకని ఫేస్‌బుక్కులో ప్రశ్నించిన ఒక యువతిని, దానిని మెచ్చుకొన్న ఆమె స్నేహితురాలిని పాల్ఘర్ పోలీసులు నిర్బంధించిరి. శ్రేయా సింఘల్ అను న్యాయశాస్త్ర విద్యార్థిని దానిపై సుప్రీంకోర్టుకు పోగా, 2015 మార్చి 24న ఐటీ చట్టములోని 66ఏ సెక్షను కొట్టివేయబడెను. సాఫ్ట్‌వేరు వ్రాసి బ్రదుకు ఈ కారిడారువారు దినమునకు నూఱుమారులు వేయు పోస్టులకు గల రక్షణలో కొంత భాగము, ఒక నాయకుని మరణమునాడు ఏడువనొల్లని ఇద్దఱు ఆడపిల్లల వలన దక్కినది.

ఈ రశీదు సిద్ధాంతమునకు అసలు పరీక్ష పీవీ నరసింహారావు మరణము. గాజుసౌధముల ఉనికికి ఎవరు మూలమని లెక్క చూడగా, రోడ్డు వేసినవానికంటెను, టవరు కట్టించినవానికంటెను ముందు రావలసిన పేరు ఆయనది. 1991 జూలైలో రూపాయి విలువను తగ్గించుట, ఆ నెల 24వ తేదిననే పారిశ్రామిక లైసెన్సుల విధానమును చాలవఱకు రద్దుచేయుట, విదేశీ పెట్టుబడికి తలుపు తెఱచుట — ఇవి లేనియెడల అమెరికా బ్యాంకు లెక్కలను మాదాపూర్ కుఱ్ఱవాడు సరిచూచుట ఊహకందని మాట. ఆయనయు వివాదాస్పదుడే, 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలునప్పుడు ప్రధానిగా ఆయన చూపిన నిష్క్రియత్వమును ఈ నగరపు పాతబస్తీ నేటికిని మఱవలేదు, మఱవవలెనని కోరుటకు మనకు అధికారమును లేదు. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో మరణించినప్పుడు ఆయన పార్థివదేహమును మోసికొనిపోవు వాహనము అక్బర్ రోడ్డులోని సొంతపార్టీ కార్యాలయము ముందు ఆగినను గేటు తెఱవలేదు. హైదరాబాదునకు తెచ్చి జూబిలీహాలులో ఉంచి, 25వ తేదిన హుస్సేన్‌సాగర్ ఒడ్డున అధికారలాంఛనములతో దహనము చేసిరి. ఆనాటి ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డియే. ఆ రాత్రి చితి సగము కాలి ఉన్న దృశ్యమును టీవీలు చూపెను.

కారిడారులో ఆ దినమున సెలవు కోరినవారు గాని, లాగిన్ కాక లేచిపోయినవారు గాని ఉన్నట్లు వినలేదు. కృతఘ్నత అనవలెనా? నేననను. ఆయన ఇచ్చినది చేతికి ఇచ్చినది కాదు. అడ్డు తొలగించినది మాత్రమే. తొలగిన అడ్డు కంటికి కనబడదు, ఫలానావాడు తొలగించెనని ఏ దరఖాస్తుపైనను ముద్ర పడదు. ఇరువదియైదేండ్ల ఉద్యోగి తనకు ఉద్యోగము వచ్చుటకు తన బుద్ధియే కారణమనుకొనును. ఫీజు కట్టినవాడు జ్ఞాపకముండును, లైసెన్సు ఎత్తివేసినవాడు ఉండడు. సంక్షేమపథకములపై నాయకులు తమ పేర్లను అంత పట్టుదలతో వ్రాయించుకొనుట వట్టి అహంకారమని ఒకప్పుడు హాస్యమాడుచుంటిమి. వారు మనకంటె మరణశాస్త్రమును బాగుగ చదివినవారు.

బ్రదికియున్నవానికే రశీదు చూపు పద్ధతిని సైబరాబాదు ఇటీవల కనిపెట్టినది. చంద్రబాబు 2023 సెప్టెంబరులో అరెస్టు కాగా ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కిరి. ఆయన రాజమహేంద్రవరము జైలులో ఉండగానే అక్టోబరు 29న గచ్చిబౌలి స్టేడియమున, సైబర్ టవర్సునకు ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున, కృతజ్ఞతాసభ జరిగెను. ఆంధ్ర రాజకీయమును ఇచ్చటికేల తెచ్చెదరని ఆక్షేపించినవారును ఉండిరి. తెలంగాణ ఎన్నికలు అప్పటికి నెలదినముల దూరములో ఉండెను.

మఱి మూడు నెలలకు, 2024 ఫిబ్రవరి 9న, పీవీకి భారతరత్న ప్రకటించిరి. మరణించిన పందొమ్మిదేండ్లకు వచ్చిన ఆ వార్తకు ఏ స్టేడియమును నిండలేదు. ఆయన పేరుగల వంతెన ఒకటి మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వఱకు 11.6 కిలోమీటర్లు ఉన్నది. రాజశేఖర రెడ్డి మరణించిన ఏడు వారములకు, 2009 అక్టోబరు 19న, ఆయన తరువాత ముఖ్యమంత్రియైన రోశయ్య దానిని తెఱచెను. శంషాబాదు విమానాశ్రయమునకు పోవుటకై కట్టిన దారియే అది. హైటెక్ సిటీ వారు మాత్రము విమానమునకు గచ్చిబౌలి వద్ద ఔటర్ రింగు రోడ్డెక్కి పోవుదురు. ఆ దారిని మొదట తెఱచినది రాజశేఖర రెడ్డి కాలమున. దానికి పెట్టిన పేరు జవహర్‌లాల్ నెహ్రూది.