మీ తలాంతు ఎక్కడ దాచారు?

"నాకేం వచ్చండీ! వంట, ఇల్లు, పిల్లలు... అంతే!" ఈ మాట మనలో అనని వాళ్ళెవరు? పాతికమందికి పులిహోర కలిపే చెయ్యి, జాకెట్టు తేడా రాకుండా కుట్టే నేర్పు, మంచం పట్టిన అత్తగారికి విసుక్కోకుండా చేసే ఓర్పు... ఇవేవీ మన లెక్కలోకే రావు!

కతోలిక కుటుంబాల్లో చిన్నప్పటి నుంచీ వినే కథ ఒకటుంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోది. యజమాని ఊరెళుతూ ముగ్గురు సేవకులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పజెప్పాడు. మొదటి ఇద్దరూ రెట్టింపు చేశారు. మూడోవాడు భయపడి తనది భూమిలో పాతిపెట్టాడు. యజమానికి కోపం వచ్చింది వాడికున్నది ఒక్కటేనని కాదు, ఆ ఒక్కటీ ఎవరికీ అక్కరకు రాకుండా దాచాడని!

ఈ కథకు అద్దం పట్టిన జీవితం ఒకటి మన గుంటూరులోనే గడిచింది. డాక్టర్ మేరీ గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలో పుట్టారు. 1910లో మెల్బోర్న్‌లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. అక్కడ ప్రాక్టీసు చేసుకుంటుండగా ఒక చిన్న పుస్తకం ఆవిడ చేతికొచ్చింది. ఇండియాలో ఆడవాళ్ళు మగ డాక్టరు దగ్గరకు వెళ్ళలేక, తల్లీబిడ్డలు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని చదివి ఆవిడ మనసు నిలవలేదు. 1920లో గుంటూరు వచ్చి, జె.ఎం.జె. సభలో కన్యస్త్రీగా చేరారు. కన్యస్త్రీలు డాక్టరు పని చేయడానికి ఆ రోజుల్లో చర్చి నియమాలు ఒప్పుకునేవి కావు. ఆవిడ రోము నుంచి ప్రత్యేక అనుమతి పొంది మరీ వైద్యం చేశారు!

"ఆవిడంటే డాక్టరు, మనమెక్కడ?" అంటారేమో. ఆగండి. ఒక్క డాక్టరు ఎందరిని చూడగలదు? అందుకే ఆవిడ ఇక్కడి ఆడపిల్లలకు నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పించారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేశారు. 1957లో ఆవిడ కన్నుమూసినా సంఘం ఆగలేదు. కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అన్న పేరుతో నేటికీ పనిచేస్తోంది. 2013లో చర్చి ఆవిడను 'దైవ సేవకురాలు'గా ప్రకటించింది.

ఆవిడ నుంచి మనం నేర్చుకోవలసినవి రెండు. మొదటిది, మనకు వచ్చినదాన్ని చూసుకునే ముందు ఎదుటివారికి కావలసినదాన్ని చూడటం. ఆదివారం పూజ అవగానే గబగబా ఇంటిదారి పట్టకుండా ఒక్కసారి చుట్టూ చూడండి. రోజూ వచ్చే ముసలమ్మ ఈవారం కనిపించలేదా? ఓ గిన్నెడు జావ పట్టుకెళ్ళండి. ఆవిడకు అన్నం కన్నా మాట్లాడే మనిషే కావాలేమో, కాసేపు కూర్చోండి.

రెండోది, మీకు వచ్చింది మరొకరికి నేర్పడం. కుట్టుపని వచ్చా? భర్త పోయి ఇల్లు గడవని పక్కవీధి అమ్మాయికి జాకెట్టు కత్తిరించడం చూపించండి. చీర ఇస్తే ఒక పండగ గడుస్తుంది, పని నేర్పితే ఆమె ఇల్లు నిలబడుతుంది.

ఇల్లు వదిలి పరుగులు పెట్టమని కాదు సుమా! వారానికి ఒక్క గంట చాలు. ఇంతకీ మీ తలాంతు ఏది? ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఆలోచించండి. తోచకపోతే పొద్దున్నే మీ పక్కింటావిడను అడగండి... మీకు తెలియనిది ఆవిడ ఠక్కున చెప్పేస్తుంది!